షాతో లాతూర్ 1970 సీసా చేతికొచ్చింది, తాగాలా, అమ్మాలా, ఇండియా తీసుకెళ్లాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. మీరు బ్రిస్టల్‌లో ఉంటున్నారు. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్తూ మీ చేతిలో ఒక సీసా పెట్టారు. షాతో లాతూర్ అనే ఫ్రాన్స్ ఎర్ర వైన్, 1970 పంటది. నలభై ఏళ్లుగా మెట్ల కింది అరలో పడుకోబెట్టే ఉందట. మీ నాన్నగారు పుట్టింది కూడా 1970లోనే కాబట్టి మే నెలలో హైదరాబాద్ తీసుకెళ్లి ఆయన పుట్టినరోజున తెరవాలని మీ ఆలోచన. ఇంకా తాగేలా ఉంటుందా, అసలుదేనా, అమ్మితే ఎంత వస్తుంది, విమానంలో తీసుకెళ్లనిస్తారా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, బాగానే ఉండే అవకాశం ఎక్కువ. అమ్మకండి. హైదరాబాద్ మాత్రం తీసుకెళ్లకండి, అదీ మే నెలలో అసలొద్దు. వీలైతే ఆ పెద్దాయనని పిలిచి బ్రిస్టల్‌లోనే తెరవండి. నాన్నగారి సంగతికి చివర్లో వస్తాను, దానికీ దారుంది.

నేను లండన్ వచ్చి పంతొమ్మిదేళ్లయింది. మొదట ఒక హోటల్లో గ్లాసులు కడిగాను, తర్వాత అక్కడే వైన్ పోసే పనిలో పడ్డాను, ఇప్పుడు జనం తమ వైన్ దాచుకునే ఒక గోదాములో సీసాల పరిస్థితి చూసి రాసే ఉద్యోగం. అంటే రోజూ నా పని టార్చిలైటు పట్టుకుని పాత సీసాల మెడలు చూడటమే. మా నరసరావుపేటలో ఈ ఉద్యోగం గురించి చెప్తే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

పేరు గురించి ఒక్క మాట. అందరూ లాటూర్ అంటారు కానీ ఫ్రెంచివాళ్ల నోట మహారాష్ట్రలో లాతూర్ ఊరి పేరు ఎలా ఉంటుందో దాదాపు అలాగే వినిపిస్తుంది. అర్థం "బురుజు" అని. ఊరి పేరు పోయాక్. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు, ఇదేం పేరు, ఎవరు పోయాక అని.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఏమిటో చెప్తాను, ఎందుకంటే దాన్నిబట్టే మిగతావన్నీ. బోర్దో నగరానికి ఉత్తరాన జిరోంద్ అనే పెద్ద నది పక్కన మెదోక్ ప్రాంతం ఉంది. అందులో పోయాక్ ఊరికి దక్షిణపు కొసన, పక్క ఊరు సాంజులియాఁ సరిహద్దు మీద ఈ తోట. ఇళ్ల చుట్టూ 47 హెక్టార్ల ముక్క ఒకటుంది, దాన్ని లాంక్లో అంటారు, మన లెక్కలో సుమారు 116 ఎకరాలు. లాతూర్ పేరుతో వచ్చే అసలు వైన్ ఆ ముక్కలో పండిన ద్రాక్షతోనే. పైన మందంగా గులకరాళ్లు, కింద బంకమన్ను. వాన పడితే గులకరాళ్లలోంచి నీళ్లు దిగిపోతాయి, ఎండ ముదిరితే కింది బంకమన్ను తడి పట్టుకుని వేళ్లకి అందిస్తుంది. నది సుమారు మూడు వందల మీటర్ల దూరంలోనే ఉండటంతో చలి కాస్త తగ్గుతుంది. 2017 ఏప్రిల్‌లో బోర్దో చాలాచోట్ల మంచుకి చిగుళ్లు మాడిపోతే నది ఒడ్డున ఉన్న ఇలాంటి తోటలు చాలావరకు తప్పించుకున్నాయి. నది కనిపించే తోటలోనే మంచి వైన్ వస్తుందని అక్కడివాళ్లు ఎప్పట్నుంచో అనే మాట, అది ఊరికే అన్నది కాదు.

ద్రాక్ష ముఖ్యంగా కాబెర్నే సోవిన్యోన్. చిన్న పండు, మందమైన తొక్క. ఆ తొక్కలోంచీ గింజల్లోంచీ వగరు వస్తుంది, వైన్ వాళ్లు టానిన్ అంటారు కానీ మనకి వగరు అన్న మాట ఉండగా ఇంకోటి ఎందుకు. నేరేడు పండు తిన్నాక నాలుక ఎలా బిగుసుకుంటుందో అది. లాతూర్ కుర్రతనంలో ఎంత వగరుగా ఉంటుందంటే పదేళ్ల లోపు తెరిచినవాళ్లు డబ్బులు దండగ చేశామని బాధపడతారు. ఆ వగరూ ఆ రంగూ సీసాలోనే ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి మడ్డిలా అడుగుకి దిగుతాయి. అందుకే పాతబడేకొద్దీ రంగు ఊదా నుంచి ఇటుక రంగుకి వస్తుంది, రుచి మెత్తబడుతుంది. వగరు ఎంత ఎక్కువుంటే అంతకాలం ఓపిక పడుతుంది. ఈ ఇల్లు, అంటే ఈ వైన్ చేసే సంస్థ, యాభై అరవై ఏళ్లు నిలబడే వైన్ చేస్తుందని పేరు తెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే.

ఇంటి చరిత్ర పెద్దది, మీకు పనికొచ్చేంత చెప్తాను. పద్దెనిమిదో శతాబ్దంలో సెగూర్ వంశం చేతిలో ఉండేది. ఆ వంశంలో నికొలా అలెగ్జాంద్ర్ అనే ఆయన దగ్గర లాతూర్, లాఫీత్ రెండు తోటలూ ఉండేవి, అందుకే ఆయన్ని ద్రాక్షతోటల యువరాజు అనేవాళ్లు. అమెరికా అధ్యక్షుడు కాకముందు థామస్ జెఫర్సన్ 1787లో బోర్దో వచ్చి, అన్నిటికన్నా గొప్పవని రాసుకున్న నాలుగు తోటల్లో ఇదొకటి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్దో ఎర్ర వైన్లకి వరసలు కట్టినప్పుడు మొదటి వరసలో పెట్టిన నాలుగు కూడా అవే, లాఫీత్, లాతూర్, మార్గో, ఓబ్రియోఁ. ఆ వరసల్ని రుచి చూసి కట్టలేదు, అప్పటిదాకా మార్కెట్లో పలికిన ధరల్నిబట్టి దళారులు కట్టారు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది, రుచి విషయంలో పదిమంది పది మాటలంటారు, వందేళ్లు డబ్బు పెట్టి కొన్నవాడు మాత్రం ఊరికే పెట్టడు. 1973లో మూతోఁ అనే తోటని పైకి తేవడం తప్ప ఆ మొదటి వరస ఇప్పటికీ మారలేదు.

మీకు సంబంధించిన ముక్క ఇక్కడుంది. 1960ల మొదట్లో సెగూర్ వారసులు తోటని అమ్మేశారు, కొన్నది ఇంగ్లీషువాళ్లు. ఎక్కువ వాటా లార్డ్ కౌడ్రే గారి పియర్సన్ సంస్థది, పావు వంతు హార్వేస్ అనే పాత వైన్ వ్యాపారులది. ఆ హార్వేస్ ఏ ఊరివాళ్లో తెలుసా? మీ బ్రిస్టల్ వాళ్లే. కాబట్టి మీ పక్కింటాయన మెట్ల కింద 1970 లాతూర్ కనపడటంలో నాకు పెద్ద ఆశ్చర్యమేమీ లేదు. ఆయన్ని అడిగి చూడండి, ఎక్కడ కొన్నారో. ఆ జవాబు మీకు ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఆ ఇంగ్లీషు యజమానులు తోట నడిపే పని అక్కడివాళ్లకే, ఆంరి మార్తాఁ, జాఁపోల్ గార్దేర్ ఇద్దరికీ అప్పగించారు. వాళ్లు పాత చెక్క తొట్లు తీసేసి 1964 నుంచి చల్లదనం అదుపులో పెట్టగల స్టీలు తొట్లు పెట్టించారు. అప్పట్లో గోల గోలయింది, ఇంగ్లీషువాళ్లు మన లాతూర్‌ని పాల డెయిరీ చేసేశారని. ఆ ఏడాదే అక్టోబరు వానలకి చుట్టుపక్కల పేరున్న తోటలు కూడా తడిసిపోతే లాతూర్ వాళ్లు అంతకుముందే కోత ముగించి మంచి వైన్ చేసుకున్నారు, గోల దానంతటదే సర్దుకుంది. తక్కువ వయసు తీగల ద్రాక్షని వేరుచేసి, 1966 పంట నుంచి లే ఫోర్ ద లాతూర్ అనే రెండో వైన్ మొదలుపెట్టిందీ వాళ్లే. అంటే మీ 1970 సీసా ఈ మార్పులన్నీ కుదురుకున్నాక వచ్చింది. పైగా 1970 బోర్దోలో అరుదైన ఏడాది, పంటా బాగా పండింది, నాణ్యతా బాగుంది. ఆ రెండూ ఒకేసారి కుదరడం ఎంత కష్టమో మన రైతుల్ని అడిగినా చెప్తారు. ఆ తర్వాత 1989లో అలైడ్ లయన్స్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్లు కొన్నారు, 1993లో ఫ్రాన్స్వా పీనో అనే ఫ్రెంచి వ్యాపారి కొని మళ్లీ ఫ్రెంచి చేతుల్లోకి తెచ్చారు, ఇప్పటికీ ఆయన కుటుంబానిదే. బోర్దోలో పెద్ద ఇళ్లన్నీ వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే ముందస్తుగా అమ్మేస్తాయి. ఆ పద్ధతి మాకొద్దు, తాగే వయసొచ్చాకే అమ్ముతామని 2012లో లాతూర్ బయటికొచ్చేసింది. వ్యాపారులు తిట్టుకున్నారు కానీ, నా గోదాముకి వచ్చే సీసాలు చూశాక నేను లాతూర్ వైపే. ఇంటి గడప దాటని సీసాకీ పదిమంది చేతులు మారిన సీసాకీ తేడా కంటికి కనిపిస్తుంది.

సరే, సీసా దగ్గరికి వద్దాం. పాత వైన్ విషయంలో ఏడాది కన్నా, పేరు కన్నా, అది ఇన్నాళ్లూ ఎక్కడ పడుకుందన్నదే ముఖ్యం. లేబుల్ చూసి ఏమీ చెప్పలేం. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు సీసాలే ఒకేలా ఉండవు, ఇక రెండు వేర్వేరు ఇళ్లలో యాభై ఏళ్లు గడిపినవాటి సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి హోటల్లో ఒకే చెక్కపెట్టెలోంచి 1970 లాతూర్ మూడు సీసాలు వరసగా తెరిచాను. మొదటిది తడిసిన అట్టపెట్టె కంపు, బిరడా చెడిపోయింది, నేరుగా సింకులోకే. రెండోది బాగుంది కానీ అలిసిపోయినట్టుంది. మూడోది తెరిచిన పావుగంటకి బల్ల చుట్టూ మాటలాగిపోయాయి. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన, మా తాతయ్య చుట్ట పొగాకు వాసన, వాన పడ్డాక ఎండుటాకుల వాసన, వాటి వెనక ఎక్కడో నల్లటి పండు. నోట్లో వగరు ఉందా అంటే ఉంది, కానీ కొలిమిలో పెట్టి సాగదీసినట్టు సన్నబడిపోయింది. అందరూ వైన్ రుచి గురించి స్ట్రాబెర్రీలు గులాబీలు అని రాస్తుంటారు, నాకు మాత్రం పాత పోయాక్ వైన్ అంటే తాతయ్య చుట్టే గుర్తొస్తుంది.

మీరు ఇంట్లోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. సీసాని మెల్లగా, ఊపకుండా నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి.

మట్టం. వైన్ ఎక్కడిదాకా ఉందో చూడండి. బిరడా గుండా ఏడాదికి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది కాబట్టి ఈ వయసులో పూర్తిగా నిండి ఉండదు, ఉంటే నాకే అనుమానం వస్తుంది. సీసా మెడ అడుగున ఉంటే అద్భుతం. భుజం మొదలయ్యే చోట, అంటే వంపు తిరిగే చోట ఉంటే యాభై ఏళ్ల వైన్‌కి మామూలే, కంగారొద్దు. భుజం మధ్యకి దిగితే సగం సగం. భుజం కింద ఉంటే ఆశ వదులుకోండి, అందమైన సీసా మిగిలిందనుకోండి.

రంగు చూడండి. వెలుగులో ఇటుక ఎరుపు, దానిమ్మ ఎరుపు కనిపించాలి. నల్ల టీ రంగులో, ఎరుపు అన్నదే లేకుండా ఉంటే గాలి తగిలి పాడైనట్టు. పచ్చ గాజులోంచి ఇది చెప్పడం కొంచెం కష్టమే, నాకూ అప్పుడప్పుడు తప్పుతుంది.

బిరడా మీద తొడుగు చుట్టూ జిగురు మరకలు, లేబుల్ మీద కారిన చారలు ఉన్నాయేమో చూడండి. కారిందంటే ఎప్పుడో ఒకప్పుడు వేడి తగిలి వైన్ ఉబ్బి బిరడా పక్కనుంచి బయటికొచ్చినట్టు. లేబుల్ మీద బూజు, పురుగు కొరికిన గుర్తులు ఉంటే మాత్రం బాధపడకండి. తడి గాలిలో ఉంది కాబట్టే బూజు పట్టింది, ఆ తడే బిరడాని ఎండిపోకుండా కాపాడింది. కొనేవాళ్లు శుభ్రమైన లేబుల్ కోసం ఎగబడతారు, నాకు బూజు పట్టిన సీసాలంటేనే ఇష్టం.

మెట్ల కింది అర అన్నారు కదా. ఇంగ్లండ్ ఇళ్లలో అది చెడ్డ చోటేం కాదు, చీకటి, కదలిక ఉండదు, పెద్దగా వేడెక్కదు. ఒక్క ప్రశ్న అడగండి ఆయన్ని, ఆ గోడ వెనక హీటర్ పైపులు గానీ బాయిలర్ గానీ ఉన్నాయా అని. ఉంటే నా జవాబులో "బాగానే ఉండే అవకాశం ఎక్కువ" అన్న ముక్కని కొంచెం తగ్గించి చదువుకోండి. మా గోదాములో పన్నెండు పదమూడు డిగ్రీల దగ్గర ఏడాదంతా ఒకేలా ఉంచుతాం. పదిహేనున్నా పర్లేదు, ఎక్కాదిగడమే ప్రమాదం.

అసలుదేనా అన్నదానికి, నూటికి తొంభై పాళ్లు అసలుదే. దొంగ సీసాలు చేసేవాళ్లు 1945, 1961, 1982 లాంటి బాగా ధర పలికే ఏడాదుల మీద పడతారు, 1970 మీద కష్టపడితే వాళ్లకి గిట్టుబాటు కాదు. ఈ రంగంలో పెద్ద మోసాలు లేవని కాదు. 1985లో లండన్ వేలంలో జెఫర్సన్ పేరు పొడి అక్షరాలు చెక్కిన 1787 లాఫీత్ సీసా ఒకటి లక్షా అయిదు వేల పౌండ్లకి పోయింది, ఇది నిజంగా జెఫర్సన్‌దేనా అన్న గొడవ ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచింది. రూడీ కుర్నియావాన్ అనే అతను కాలిఫోర్నియాలో తన ఇంట్లోనే పాత సీసాలు తయారుచేసి కోట్లకి అమ్మి 2014లో పదేళ్ల శిక్ష పడి జైలుకెళ్లాడు. మీ పక్కింటి పెద్దాయన ఆ బాపతు కాదనుకుంటున్నాను. లేబుల్ మీద బురుజు బొమ్మ, దాని మీద సింహం ఉండాలి, తోటలోనే సీసాలో నింపామన్న మాట ఫ్రెంచిలో ఉండాలి. ఆ రోజుల్లో చాలా బోర్దో వైన్లు పీపాల్లో ఇంగ్లండ్ వచ్చి ఇక్కడ సీసాల్లోకి ఎక్కేవి కానీ మొదటి వరస ఇళ్లు అంతకు చాలాముందే ఆ పద్ధతి ఆపేశాయి. తెరిచాక బిరడా మీద తోట పేరు, 1970 అన్న అంకె అచ్చువేసి కనిపించాలి. ఆ బిరడా దాచుకోండి.

అమ్మకం గురించి. మంచి స్థితిలో ఉన్న 1970 లాతూర్‌కి ఇంగ్లండ్‌లో కొన్ని వందల పౌండ్లు వస్తాయి, వేలు కాదు. 1961, 1982 అయితే వెయ్యి దాటి ఎక్కడికో పోతాయి, అందుకే ఇంటర్నెట్‌లో చూసి చాలామంది లాతూర్ అంటే లక్షలనుకుంటారు. పైగా మీది ఒక్క సీసా, రసీదు లేదు, ఇంటి అరలో పెట్టింది. వేలం వాళ్లు ఒక్క సీసా కోసం పెద్దగా ఆసక్తి చూపరు, తీసుకున్నా కమీషన్ పోగా చేతికొచ్చేది తగ్గిపోతుంది. మీరే నేరుగా ఎవరికో అమ్ముదామంటే ఇక్కడ మందు అమ్మడానికి లైసెన్స్ గొడవ ఉంది. ఇదంతా పక్కనపెట్టండి, ఆయన ప్రేమతో ఇచ్చింది అమ్ముకున్నారని రేపు ఆయనకి తెలిస్తే? అందుకే అమ్మొద్దన్నాను. అరుదైనది అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం బుర్గుండీలో రోమానీ కోంతి తోట రెండు హెక్టార్లు కూడా లేదు, ఏడాదికి కొన్ని వేల సీసాలే, అది పుట్టుకతోనే అరుదు. లాతూర్ పుట్టినప్పుడు అరుదేం కాదు. తాగేవాళ్లు తాగేయగా, చెడిపోయేవి చెడిపోగా, నలభై ఏళ్లు ఒకేచోట కదలకుండా మిగిలింది అరుదు. మీ సీసా విలువంతా ఆ మెట్ల కింది అరలో ఉంది, దాన్ని కదిలించగానే తగ్గడం మొదలవుతుంది.

ఇక హైదరాబాద్. నియమం ప్రకారం ఇండియా వచ్చే ప్రయాణికుడు రెండు లీటర్ల దాకా మందు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఒక సీసా అందులోకి వస్తుంది, విలువ గురించి అడిగితే మాత్రం చెప్పుకోవాల్సి వస్తుంది. చట్టం కాదు అడ్డు, ఎండ. మే నెలలో శంషాబాద్‌లో దిగి కారు డిక్కీలో పెట్టి ఇంటికి చేరేలోపే దానికి నలభై డిగ్రీలు తగులుతాయి. కుర్ర వైన్ అయితే ఆ దెబ్బ కాచుకుంటుందేమో, యాభై ఏళ్ల ముసలి బిరడా కాచుకోదు. ఇంకోటి, ఇన్నేళ్లూ దిగిన మడ్డి అంతా ప్రయాణంలో కలిసిపోతుంది. అది మళ్లీ పూర్తిగా తేరడానికి వారాలు పడుతుంది. మీరు వెళ్లేది రెండు వారాలకేమో, దిగిన మూడో రోజు తెరిస్తే గ్లాసులో బురద.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. కొన్నేళ్ల కిందట జూబ్లీహిల్స్‌లో ఒక స్నేహితుడి బంధువు ఇంటికి వెళ్తే, నీకు తెలుస్తుందట కదా చూడు అని హాల్లో అద్దాల షోకేసులోంచి 1982 బోర్దో సీసా తీసి చూపించారు. పేరున్నదే. పన్నెండేళ్లుగా ఆ షోకేసులో నిలబెట్టి ఉంది, పైన లైటు, ఏసీ ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే. టార్చి వేసి చూడకుండానే నాకు కడుపులో దేవినట్టయింది. తెరుద్దామన్నారు, వద్దంటే బాగోదని తెరిచాను. పాత బెల్లం పాకం వాసన, దాని వెనకే పులుపు. ఆయన మాత్రం చాలా బాగుందని రెండు గ్లాసులు తాగారు, నేనూ తల ఊపాను. అది అబద్ధమే కానీ ఆ ఇంట్లో ఆ రోజు చెప్పాల్సిన నిజం కాదు.

కాబట్టి ఎలా తెరవాలో చెప్తాను, ఇక్కడే చాలామంది మంచి సీసాని చేజేతులా పాడుచేసుకుంటారు. రెండు రోజుల ముందే సీసాని నిలబెట్టండి. ఇప్పుడు పడుకోబెట్టి ఉందంటే మడ్డి పక్కకి పేరుకుని ఉంటుంది, నిలబెడితే అడుగుకి దిగుతుంది. వంటగదిలో కాదు, చల్లగా ఉండే గదిలో. మామూలు మర కార్క్‌స్క్రూతో ఈ వయసు బిరడా మధ్యలో విరిగిపోతుంది, పొడి పొడిగా రాలుతుంది. రెండు పలచటి ఇనుప రేకులుండే పరికరం ఒకటి దొరుకుతుంది, ఆ రేకుల్ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి మెలితిప్పుతూ లాగాలి. దానికే మరని కూడా కలిపి చేసిన డ్యూరాండ్ అనేది ఇంకా మంచిది కానీ ఖరీదు, ఒక్క సీసాకి కొనకండి, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. నా మొదటి ఏడాదిలో ఒక పెళ్లిరోజు జంట ముందు 1966 సీసా బిరడాని నేను సీసాలోకి తోసేశాను. చేతులు వణికాయి. మా పెద్ద సర్వరు ఏమీ అనకుండా వచ్చి, శుభ్రమైన పలచటి గుడ్డలోంచి వడగట్టి పోసి, వాళ్లతో ఇలా చేయడం పాత పద్ధతి అని నవ్వుతూ చెప్పాడు. మీది విరిగినా అదే చేయండి, టెన్షన్ పడకండి. కానీ ఆ గుడ్డకి సబ్బు వాసన ఉండకూడదు.

తెరిచాక తేట వంచాలి. చింతపండు పులుసు తేర్చడం వచ్చినవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు. సీసా మెడ కింద కొవ్వొత్తి గానీ ఫోన్ టార్చి గానీ పెట్టి, గాజు జగ్గులోకి ఒకే ధారగా, ఆపకుండా, మెల్లగా వంచుతూ పోవాలి. మధ్యలో ఆపి సీసాని లేపితే అడుగు మడ్డి లేచి మళ్లీ కలుస్తుంది. మెడలోకి నల్లటి తోక రావడం కనిపించగానే ఆపేయండి. అడుగున రెండు మూడు వేళ్ల మందం పోతుంది, పోనివ్వండి.

గంటల ముందు వంచి పెట్టమని ఎక్కడైనా చదివుంటారు, అది కుర్ర వైన్‌కి. ఈ వయసుదాన్ని వంచిన వెంటనే వాసన చూడండి. మొదట మూసిన గది వాసన, తోలు వాసన వస్తే చెడిపోయిందని పారబోయకండి, పది పదిహేను నిమిషాల్లో అది పోతుంది. తడిసిన అట్టపెట్టె కంపు మాత్రం పోదు, ఇంకా పెరుగుతుంది. అది వస్తే మన దురదృష్టం అంతే. బాగుంటే గంటా గంటన్నరలో అందరూ కలిసి ముగించండి, రేపటికి దాచుకోవడం ఉండదు. సూదితో బిరడా గుండా కొంచెం కొంచెం తీసుకునే పరికరాలున్నాయి, ఈ బిరడా మీద వాటి ప్రయోగం వద్దు.

ఏం తినాలి అని మీరు అడగలేదు కానీ తెలుగువాళ్లం కాబట్టి చెప్పాలి. బిర్యానీతో వద్దు. కారం తగిలితే వగరు పదింతలు అవుతుంది, మసాలా ముందు ఈ వైన్‌లోని సన్నటి వాసనలేవీ నిలబడవు. గోంగూర మాంసంతో అయితే ఆ పులుపు ముందు వైన్ నీళ్లలా ఉంటుంది. పోయాక్ వాళ్లకి తమ వైన్‌తో ఉప్పు వేసి కాల్చిన లేత గొర్రెపిల్ల మాంసం అలవాటు, మీరూ అలాగే ఉప్పు, కాస్త మిరియం, వెన్నతో మటన్ కాల్చుకుని తినండి. వైన్ అయిపోయాక బిర్యానీ తినండి, ఎవరు వద్దన్నారు.

ఇక నాన్నగారు. ఆయన ఎప్పుడైనా బ్రిస్టల్ వస్తారా? వస్తే అప్పటిదాకా ఆగండి, 1970 లాతూర్ ఇప్పటికే చాలా ఓపిక పట్టింది, మట్టం భుజం పైన ఉంటే ఇంకో రెండు మూడేళ్లు పెద్ద విషయం కాదు. 2030లో ఆయన షష్టిపూర్తి అనుకుంటాను, అప్పటిదాకా అయితే ఇంటి అరలో కాదు, నెలకి కొంచెం డబ్బు తీసుకుని సీసాలు దాచే గోదాముల్లో పెట్టించండి, అదీ ఒక్కసారే కదిలించి. ఆయన ఇటు రావడం కుదరదంటే ఆశపెట్టుకోకండి, ఈ సీసాని ఆ పెద్దాయనతో తాగేసి, ఖాళీ సీసా, బిరడా నాన్నగారికి తీసుకెళ్లండి. తాగడానికి కావాలంటే దారిలో డ్యూటీ ఫ్రీలో ఒక కుర్ర బోర్దో కొనండి, డిక్కీ ఎండని అది తట్టుకుంటుంది, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి ఇవ్వండి. 1970 సంఖ్య కనిపించే ఆ సీసాని షోకేసులో పెట్టుకుంటారు, లైటు వేసినా ఈసారి పర్లేదు.

పక్కింటి పెద్దాయన వెళ్లిపోయేది ఎప్పుడో మీరు రాయలేదు. ఈ నెలలోనే అయితే ఈ రాత్రే సీసా నిలబెట్టేయండి. వీలైతే వెనక టార్చి పెట్టి మెడ, భుజం కనిపించేలా ఒక ఫోటో పెట్టండి, మట్టం చూసి చెప్తాను.